అత్తయ్యని నవ్వించిన పిల్ల

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పనుంటే పక్కన పెట్టి వినండి, పెట్టడం కుదరకపోతే గిన్నెలు తోముకుంటూనే వినండి, నేనేమీ అనుకోను. నా జీవితంలో ముఖ్యమైన సంగతులన్నీ నేనూ గిన్నెలు తోముతూనే విన్నాను. మా అత్తయ్యకి పక్షవాతం వచ్చిందనీ, నేను ఉద్యోగం మానెయ్యాలనీ కూడా అలాగే తెలిసింది. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎలాగూ నువ్వు ఇంట్లో ఉంటావుగా" అన్నాడు. నేను ఇంట్లో ఎక్కడున్నానండీ? కళ్ళద్దాల షాపులో ఉన్నాను. పొద్దున్నే వెళ్ళి, వచ్చినవాళ్ళ ముక్కుకీ చెవులకీ సరిపోయేలా ఫ్రేములు వంచి, సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చేదాన్ని. ఆ "ఎలాగూ" ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకిప్పటికీ తెలీదు. కానీ ఊడిపడింది, నా నెత్తిమీదే పడింది.

సరే, అది పాత సంగతి. నేను చెప్పాలనుకున్నది ఒక నవ్వు గురించి.

ఒక ఆదివారం ఎప్పట్లాగే అత్తయ్య సంచీ సర్దుకుని హోమ్‌కి వెళ్ళాను. హోమ్ అంటే మంచం దిగలేని పెద్దవాళ్ళని పెట్టుకుని చూసుకునే చోటు. అత్తయ్యని ఎత్తీ దించీ నా నడుం పట్టేసి, ఇక బరువు ఎత్తితే నువ్వు కూడా పక్క మంచం మీదే పడుకోవాల్సి వస్తుందని డాక్టరు తిట్టాక, మా ఆయన ఆవిణ్ణి అక్కడ చేర్చాడు. బంధువులకి మాత్రం "మా ఆవిడ వల్ల కావట్లేదు" అని చెప్పాడు. నా నడుం గురించి చెప్పలేదు. సంచీలో ఉతికిన గౌన్లు, గోళ్ళు కత్తిరించేది, వెడల్పు పళ్ళ దువ్వెన. ఆ దువ్వెన నేను షాపులన్నీ తిరిగి కొన్నాను, అత్తయ్య తలకి మామూలు దువ్వెన గుచ్చుకుంటుందని. తలుపు తీసే ఉంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను, లోపల్నుంచి నవ్వు వినపడింది. కుండలోంచి నీళ్ళు వంపుతున్నట్టు గుడగుడమని నవ్వు. పక్క మంచం ఆవిడ అనుకున్నాను. కాదు. మా అత్తయ్య.

నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడతో ఒకే కప్పు కింద ఉన్నాను, ఆవిడకి ఆ నవ్వు ఉందని నాకు తెలీదు!

ఒక పిల్ల అత్తయ్య వెనకాల నిలబడి తల దువ్వుతోంది. హోమ్ వాళ్ళు ఇచ్చిన నీలం ఏప్రన్, తలనిండా రంగురంగుల క్లిప్పులు, నోట్లో ఇంకో రెండు క్లిప్పులు. క్లిప్పుల పిల్ల అని అప్పుడే మనసులో పేరు పెట్టేశాను. అక్కడ ఆయాగా చేరి ఎన్నాళ్ళో కాలేదట. "మామ్మా, మీకు రెండు జడలు వేస్తాను, బడికెళ్ళిపోండి, ఇక్కడ మంచం ఖాళీ అవుతుంది" అంటోంది ఆ పిల్ల. ఆ మాటకి నవ్వుతోంది మా అత్తయ్య. నేనేగనక ఆ మాట అని ఉంటే? "నా మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తోంది" అని ఊరంతా చెప్పేది. ఆవిడ మంచంలో ఉంది కాబట్టి ఊరు ఆవిడ దగ్గరికి వచ్చేది, వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

అత్తయ్యకి ఎడమ చెయ్యి పనిచెయ్యదు, మాట కొంచెం ముద్దముద్దగా వస్తుంది, పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. కానీ నన్ను అనాల్సినవన్నీ మాత్రం స్పష్టంగా వచ్చేవి, అదేం చిత్రమో. "నీ చేతులు గరుకు." "నీళ్ళు కాలిపోతున్నాయి." రెండు చెంబులు చన్నీళ్ళు కలిపితే, "నన్ను చంపేస్తావా ఏంటి చలికి." తల దువ్వితే, "జుట్టు పీకుతున్నావు." పేరు పెట్టి పిలిచింది లేదు. "ఇదిగో" అనేది. ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి "ఇది" అనేది. ఇప్పుడు ఆవిడే కుడిచెయ్యి ఎత్తి, ఆ క్లిప్పుల పిల్ల చెంప నిమిరి, "బంగారం" అంది.

బంగారం!

నాకు ఒళ్ళు ఎంత మండిందంటే, సంచీలోంచి దువ్వెన తీసి, "అది కాదు, దీంతో దువ్వాలి" అన్నాను. ఆ పిల్ల పళ్ళమధ్య క్లిప్పులు అలాగే పెట్టుకుని నవ్వి, "అలాగే అక్కా" అని తీసుకుంది. నా దువ్వెనతో దువ్వింది. అత్తయ్య ఇంకా హాయిగా కళ్ళు మూసుకుంది. అంటే నా దువ్వెన పుణ్యం కూడా ఆ పిల్ల ఖాతాలోకే పోయింది!

ఆ తర్వాత నుంచి నేను హోమ్‌కి వెళ్ళేది అత్తయ్యని చూడ్డానికి కాదు, తప్పులు వెతకడానికి, అది మీకు తెలిసిపోయే ఉంటుంది. దుప్పటి ఎత్తి వాసన చూసేదాన్ని. గోళ్ళకింద మురికి ఉందేమోనని చూసేదాన్ని. దొరికాయి కూడా, దొరక్కపోవడమేం? గంట కొడితే ఎప్పటికోగానీ ఎవరూ రారు, ఆ వరండా మొత్తానికి ఒకే ఆయా. టీ చల్లారిపోయి వస్తుంది. ఒకసారి అత్తయ్య ఒంటిమీద ఎవరిదో ఆకుపచ్చ స్వెటరు ఉంది, మా స్వెటరు ఎదుటి గదిలో ఉన్న రిటైర్డు పోస్ట్‌మాస్టరు గారి ఒంటిమీద ఉంది, దాని గుండీలన్నీ బిగదీసుకుని పాపం ఆయన ఊపిరాడక కూర్చున్నాడు. ఇవన్నీ నేను మూటకట్టుకుని ఇంటికి తెచ్చేదాన్ని, సంతోషంగా తెచ్చేదాన్ని. చివరికి ఒకరోజు అత్తయ్యని పక్కకి తిప్పి వీపు కూడా చూశాను. మంచాన పడ్డవాళ్ళకి వీపుమీద పుండ్లు పడతాయి, అక్కడే తెలిసిపోతుంది ఎలా చూసుకుంటున్నారో. ఒక్క మచ్చ లేదు. అద్దంలా ఉంది. ఎవరైనా అయితే సంతోషిస్తారు కదా? నాకు నిరాశ కలిగింది. ఎంత కుళ్ళు ఉండాలో చూడండి మనిషికి!

మా ఆయన ఆ కుళ్ళుమీద ఇంకాస్త నిప్పు రాజేసేవాడు. ఇంటికొస్తూ దారిలో, "చూశావా, ఆ అమ్మాయి అమ్మని ఎంత బాగా చూసుకుంటోందో. చేసే పని కాస్త నవ్వుతూ చేస్తే సరిపోతుంది. నువ్వెప్పుడూ మొహం ముడుచుకుని చేసేదానివి" అనేవాడు. నేను కారు కిటికీలోంచి చూస్తూ మనసులో లెక్చరు ఇచ్చాను. ఆ పిల్లకి మధ్యాహ్నం ఇంకో ఆయా వస్తుంది. నాకెవరొచ్చారు? మీరు ఆఫీసు నుంచి వచ్చి "అమ్మ తిందా?" అని అడిగేవారు, అడిగి టీవీ పెట్టేవారు. అత్తయ్యని అడగొచ్చుగా, నన్నెందుకు అడగడం? ఇలా చాలా అన్నాను, అన్నీ మనసులోనే. మనసులో నేను అద్భుతంగా మాట్లాడతాను.

వాళ్ళ డ్యూటీ మారడం మీరు చూడాలి. అది చూసినరోజు నాకు నిద్ర పట్టలేదు. పొద్దుటి ఆయా, మధ్యాహ్నం ఆయా ఇద్దరూ మంచం పక్కన నిలబడతారు. వెళ్ళిపోయే మనిషి అన్నీ పైకి చెప్తుంది, మంచంలో మనిషి వింటుండగానే. "మామ్మ పొద్దున సూప్ తాగారు, పండు వద్దన్నారు. వీపుకి పౌడరు వేశాను. కాస్త దిగులుగా ఉన్నారు, కిటికీ పక్కన కూర్చోబెట్టు." అంతా చెప్పి, చివర్న, "ఇక నీ చేతిలో" అంటుంది. వచ్చిన ఆయా మంచం మీద చెయ్యి వేసి, "నా చేతిలో" అంటుంది. అంతే. అది అక్కడి పద్ధతి, ఆ మాట వినేదాకా మొదటి మనిషి గది దాటకూడదు. విన్నాక క్లిప్పుల పిల్ల ఏప్రన్ విప్పి, తలుపు వెనక కొక్కేనికి తగిలించి, భుజాలు ఒకసారి గుండ్రంగా తిప్పుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేను ఆ కొక్కేన్నే చూస్తూ కూర్చున్నాను. అన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చి, మంచం మీద చెయ్యి వేసి, "నా చేతిలో" అన్న మనిషి ఒక్కరు లేరు. జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా నా చేతిలోనే. అత్తయ్య నవ్వు దక్కించుకుంది సరే, ఆ కొక్కెం కూడా ఆ పిల్లకేనా?

ఇప్పుడు ఫొటో సంగతి. దీని కోసమే మిమ్మల్ని ఆపింది.

వదిన వచ్చింది. మా ఆయన అక్కగారు. వేరే ఊళ్ళో ఉంటుంది, ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా ఏడుస్తుంది, నిజంగానే ఏడుస్తుంది, నటన కాదు. ఏడుపు అయ్యాక ఫొటో దిగాలంటుంది. బంధువులందరి గ్రూపులో పెట్టాలి కదా. కానీ ఒక చిక్కుంది. వదిన ఆ గ్రూపులో "అమ్మ వ్యాయామం కోసం కొన్నాళ్ళు ఒక సెంటర్లో ఉంది, రోజురోజుకీ కోలుకుంటోంది" అని చెప్పుకుంది. హోమ్‌లో పెట్టేశారంటే పరువు పోతుందని. కాబట్టి ఫొటోలో మంచం కనపడకూడదు, చక్రాల కుర్చీ కనపడకూడదు. అమ్మ నిలబడి ఉండాలి.

ఫొటో తీసేది నేనే. మా ఇంట్లో ఏ ఫొటోలోనూ నేనుండను, తీసేదాన్ని కదా. అందరూ నిలబడ్డారు, నేను ఫోన్ ఎత్తాను, అప్పుడు అత్తయ్య మెడ తిప్పి చూసి, "బంగారం ఏది? దాన్ని కూడా రమ్మను" అంది.

ఆ పిల్ల గుమ్మంలోంచి, "వద్దు మామ్మా, నేనెందుకు" అంది. "రావమ్మా, మా అమ్మ అడుగుతోందిగా" అని మా ఆయన పక్కకి జరిగి చోటు చేశాడు. నాకెప్పుడూ జరగని మనిషి. క్లిప్పుల పిల్ల వెళ్ళి అత్తయ్య పక్కన నిలబడింది. మా కుటుంబం ఫొటోలో! నేను ఫోన్ వెనకాల నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, తెర మసకగా ఉందని చెప్పి కొంగుతో ఫోన్ తుడిచాను, వరసగా నొక్కేశాను. ఒకదాని తర్వాత ఒకటి. ఆ వరసలోనే, "అమ్మా, ఒక్కసారి లే" అంటూ వదిన అత్తయ్య ఎడమ జబ్బ పట్టుకుని కుర్చీలోంచి పైకి లాగింది. "అయ్యో, చెయ్యి పట్టుకుని లాగకండి మేడమ్, వీపు వెనక చెయ్యేసి లేపాలి" అని క్లిప్పుల పిల్ల అనేలోపే లేపేసింది. ఆ చెయ్యి పనిచెయ్యదు, దానికి నొప్పి సరిగ్గా తెలీదు. పైగా అత్తయ్య రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంది, గట్టిగా ముట్టుకుంటే కమిలిపోతుంది. నాకు తెలుసు. స్నానం చేయించడంలో వేళ్ళు కాస్త గట్టిగా పడితే, "చూడండర్రా, గిల్లింది" అని ఆవిడ అందరికీ చూపించిన రోజులున్నాయి.

రెండు మూడు రోజులకి హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. అత్తయ్య ఎడమ జబ్బ మీద నల్లగా వేళ్ళ గుర్తులు తేలాయి, వచ్చి చూడండి అని. స్నానం చేయిస్తూ చూసి మేనేజరుకి చెప్పింది ఎవరనుకున్నారు? క్లిప్పుల పిల్లే. దాచిపెట్టి స్వెటరు తొడిగేస్తే అయిపోయేది. చెప్పింది.

వదిన ఇంకా మా ఇంట్లోనే ఉంది. ముగ్గురం వెళ్ళాం. మేనేజర్ మేడమ్ గదిలో వదిన బల్ల గుద్దింది. "మా అమ్మని కొట్టారు! నోరు తిరగని మనిషి కదా అని చెయ్యి చేసుకున్నారు! ఎవరు చూసుకుంటున్నారు ఆవిణ్ణి? ఆ క్లిప్పులు పెట్టుకునే అమ్మాయేగా? మీద మీద పడి నవ్వుతుంటేనే నాకు అనుమానం వచ్చింది." మా ఆయన అప్పటిదాకా ఆ అమ్మాయిని పొగిడిన నోటితోనే, "ఈ కాలంలో ఎవర్నీ నమ్మకూడదు" అన్నాడు. అత్తయ్యని అడిగారు. "ఏమో" అంది. ఆవిడకి గుర్తులేదు. వదినకీ గుర్తులేదు, అది నేను ఆవిడ మొహం చూసి చెప్పగలను. కన్నతల్లిని లేపింది, అంతే కదా ఆవిడ లెక్కలో, కన్నతల్లిని కూతురు పట్టుకుంటే గుర్తులు పడతాయా! మేనేజర్ మేడమ్ చేతులు నలుపుకుంటూ, "విచారణ అయ్యేదాకా ఆ అమ్మాయిని డ్యూటీ నుంచి తప్పిస్తాను" అంది. తలుపు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. ఆ రోజు తలలో ఒక్క క్లిప్పు లేదు. "నేను కాదు మేడమ్" అని ఒకసారి అంది. ఎవరూ అటు తిరగలేదు.

నా సంచీలో ఫోన్ ఉంది. ఫోన్‌లో ఆ వరస ఫొటోలున్నాయి. గ్రూపులో పెట్టింది ఆఖరిదే, అందరూ పళ్ళికిలించింది. దాని ముందు దాంట్లో వదిన వేళ్ళు అత్తయ్య జబ్బలోకి దిగిపోయి ఉన్నాయి, క్లిప్పుల పిల్ల చెయ్యి అడ్డం వస్తూ గాల్లో ఉంది.

ఇప్పుడు మీకు నిజం చెప్పాలి. నేను వెంటనే తియ్యలేదు. అబ్బ, ఎంత హాయిగా ఉందో తెలుసా ఆ నిమిషం! నేను నోరు విప్పక్కర్లేదు, అబద్ధం ఆడక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు, బంగారం పోతుంది. ఆ చెంప నిమరడం పోతుంది. అత్తయ్యకి మళ్ళీ నా గరుకు చేతులే దిక్కవుతాయి. అప్పుడు తెలుస్తుంది. ఏం తెలుస్తుందో, ఎవరికి తెలుస్తుందో నాకే తెలీదు, కానీ తెలుస్తుందని మాత్రం గట్టిగా అనిపించింది.

అప్పుడు వదిన కళ్ళు తుడుచుకుని అంది. "వద్దు తమ్ముడూ, ఇక్కడ వద్దు. అమ్మని ఇంటికి తీసుకెళ్ళిపోదాం. ఎలాగూ తను ఇంట్లో ఉంటుందిగా."

"ఔనక్కా, నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు మా ఆయన.

ఎలాగూ! అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే బడిలో నేర్చుకున్నారు ఆ మాట. నేను మళ్ళీ సగం పూట షాపుకి వెళ్తున్నాను, వచ్చే నెల నుంచి పూర్తిగా రమ్మని షాపు యజమాని అడిగాడు, ఆ సంగతి రాత్రే భోజనం దగ్గర చెప్పాను. "ఊ" అన్నాడు. ఊ అంటే విన్నాడనుకున్నాను. డాక్టరు నా నడుం గురించి చెప్పినప్పుడూ "ఊ" అనే అన్నాడు. నేను తలుపు వైపు చూశాను. ఆ పిల్లని పంపించేస్తే ఎవరి చేతిలో పడుతుందో ఆ మంచం, అది వాళ్ళిద్దరికీ తెలుసు, నాకూ తెలుసు. కుళ్ళుకుని కుళ్ళుకుని నేను గెలుచుకోబోయేది ఏంటయ్యా అంటే, అదీ.

ఫోన్ తీశాను. "ఒక్కసారి ఇది చూడండి" అని బల్లమీద పెట్టి, వేళ్ళతో పెద్దది చేశాను. ఫ్రేములు బిగించే చేతికి అదెంత పని.

వదినే మొదట తేరుకుంది. "అంటే? నేనే మా అమ్మని కొట్టానంటావా అమ్మాయ్?"

"కొట్టారనలేదు వదినా. లేపారు. కుర్చీ కనపడకూడదని లేపారు. ఆ చెయ్యి పట్టుకుని లేపకూడదని మీకు తెలీదు. ఎందుకు తెలీదంటే, మీరు ఎప్పుడూ లేపలేదు కాబట్టి."

మా ఆయన గొంతు తగ్గించి, "ఇది ఇంట్లో చెప్పొచ్చుగా. అందరి ముందూ అక్క పరువు తీస్తావా?" అన్నాడు. ఆ పిల్ల పరువు అందరి ముందూ పోతుంటే ఆయనకి ఇంట్లో మాట్లాడుకోవాలని తోచలేదు.

మేనేజర్ మేడమ్ అప్పటికే ఊపిరి పీల్చుకుని నవ్వుమొహం పెట్టింది. నాకు అదీ నచ్చలేదు. "మీరు నవ్వకండి మేడమ్. గంట కొడితే ఎప్పటికి వస్తున్నారో ఎప్పుడైనా చూశారా? ఆ వరండా అంతా ఒక్క పిల్ల మీద వదిలేసి, ఏదైనా జరిగితే ముందు ఆ పిల్లనే పంపించేస్తారు. ఇంకొకర్ని పెట్టండి. ఆ స్వెటర్లు కూడా మార్పించండి, పోస్ట్‌మాస్టరు గారికి ఊపిరాడట్లేదు" అన్నాను. మనసులో మాట్లాడే గొంతు మొదటిసారి నోట్లోంచి వచ్చింది, నాకే చెవులు గింగురుమన్నాయి. ఆవిడ నవ్వు ఆపి, రాసుకుంటానంది.

నేను బయటికొస్తుంటే వరండాలో క్లిప్పుల పిల్ల వెనకాలే వచ్చి, "థాంక్స్ అక్కా" అంది.

"నీ కోసం చెయ్యలేదు" అన్నాను. కుళ్ళు అంత తొందరగా పోతుందేంటి? అక్కడితో ఆగలేక అడిగేశాను. "ఎలా నవ్విస్తావు ఆవిణ్ణి? నాకు చెప్పు."

ఆ పిల్ల జేబులో చెయ్యి పెట్టింది. "నాకూ ఇంట్లో అత్త ఉంది అక్కా. నా టీ నోట్లో పెట్టుకోదు. పక్కింటావిడ పంపితే గ్లాసు నాకేస్తుంది. నేను కూడా ఇంట్లో నవ్వను. మా అత్త ఇక్కడికొచ్చి నన్ను చూస్తే ఎవరో అనుకుంటుంది." జేబులోంచి ఒక క్లిప్పు తీసి తలలో పెట్టుకుంది. "ఇక్కడైతే డ్యూటీ అయిపోతుంది కదా అక్కా. అయిపోతుందని తెలిస్తే నవ్వొస్తుంది."

నేను ఇంటికి నడిచే వచ్చాను. వాళ్ళిద్దరూ కార్లో వెళ్ళిపోయారు, నన్ను ఎక్కమని అనలేదు, నేనూ అడగలేదు. వదిన ఆ సాయంత్రమే ఊరెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, నావైపు చూడకుండా, "వీపు వెనక చెయ్యి వెయ్యాలా?" అని అడిగింది. "ఔను వదినా, రెండో చెయ్యి నడుం దగ్గర" అన్నాను. తలూపింది. అంతే.

అత్తయ్య హోమ్‌లోనే ఉంది. మా ఆయన కొన్నాళ్ళు నాతో ముక్తసరిగా మాట్లాడాడు, తర్వాత, "సరే, అక్కడే ఉంటుంది. కానీ ఆదివారాలు నువ్వు తప్పకుండా వెళ్ళాలి, లేకపోతే వాళ్ళు ఆడిందే ఆట అవుతుంది" అన్నాడు. నేను లేచి లోపలికి వెళ్ళి అత్తయ్య సంచీ తెచ్చాను. ఆయన ముందు సోఫా మీద పెట్టాను. దాని పక్కన నిలబడ్డాను, ఆ ఆయాలు నిలబడినట్టే.

"ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడిపక్క కూర్చోండి. సూప్ చెంచాతో సగం సగం పట్టండి, మింగిందో లేదో చూసి ఇంకో చెంచా. దిగులుగా ఉంటే కిటికీ దగ్గరికి జరపండి. దువ్వెన ఈ పక్క జేబులో ఉంది. వీపు చూడండి, సిగ్గుపడకండి, మీ అమ్మే కదా. నేను షాపుకి వెళ్తున్నాను వచ్చే నెల నుంచి, ఆదివారం ఒక్కటే నాకు ఖాళీ. ఇక మీ చేతిలో."

"ఏంటిది, నాటకమా?" అన్నాడు.

"'నా చేతిలో' అనాలి."

"ఊ."

"ఊ కాదు."

నేను కదల్లేదు. ఆఖరికి సంచీ మీద చెయ్యి వేసి, పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు, "నా చేతిలో" అన్నాడు. మర్నాడే తలుపు వెనక ఒక కొక్కెం కొట్టించాను. సంచీ అక్కడ తగిలిస్తాడు. నా భుజాలు నేను గుండ్రంగా తిప్పుకున్నాను. ఎంత బావుందో!

ఆయన వెళ్తున్నాడు. మొదటివారం దువ్వెన మర్చిపోయాడు, తర్వాత వారం సూప్ తన చొక్కా మీదే పోసుకుని వచ్చాడు, నేను ఉతకలేదు. నేను ఆదివారాలు నా మానాన తిరుగుతున్నాను, ఒకసారి ఊరికే బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్ళి వచ్చాను. అన్నీ సర్దుకున్నట్టే ఉన్నాయి కదా? నాకూ అలాగే అనిపించింది, ఇవాళ మధ్యాహ్నం దాకా.

ఇవాళ ఆయన హోమ్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, నావైపు చూడకుండా, "అమ్మ నిన్ను అడిగింది" అన్నాడు.

"నన్నా?"

"ఊ. అది ఏది, అది రావట్లేదేం, దాని చెయ్యి అయితే బావుంటుంది అంది."

దాని చెయ్యి అయితే బావుంటుంది! అన్నేళ్ళు ఆ గదిలో ఒంగుని, లేచి, ఒంగుని, ఆ ఒక్క మాట కోసమే చెవులు రిక్కించుకుని బతికాను నేను. మళ్ళీ చెప్పమని అడిగాను, సిగ్గులేకుండా. మళ్ళీ చెప్పాడు, ఈసారి చెయ్యి గురించి చెప్పలేదు, తువ్వాలు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు చూశాను. సంచీ కొక్కేనికి లేదు. తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టాడు.

సంచీ తీసి మళ్ళీ కొక్కేనికి తగిలించాను. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అత్తయ్య నిజంగా అడిగి ఉంటే నా అంతట నేను, నాకు వీలైన రోజు, ఖాళీ చేతులతో వెళ్తాను, చూసి వస్తాను. డ్యూటీకి మాత్రం కాదు. కానీ అడిగిందా? ఆవిడకి పొద్దున్నది సాయంత్రానికి గుర్తుండదు, ఈయనకి ఆదివారం నిద్ర చాలట్లేదు. ఎవరి మాట అది? ఆ గదిలో ఇంకొకరు కూడా ఉన్నారు కదా, క్లిప్పులు పెట్టుకుని. ఆ పిల్ల నంబరు నా ఫోన్‌లో ఉంది, ఆ రోజు వరండాలో తనే ఇచ్చింది. ఆ పిల్ల అబద్ధం చెప్పదు, నల్లటి గుర్తులు తనంతట తనే చూపించిన పిల్ల. ఫోన్ చేస్తే, "ఔనక్కా, అడిగారు" అనొచ్చు. "లేదే అక్కా, మామ్మ ఎవర్నీ అడగలేదు" అని కూడా అనొచ్చు, ఆ తర్వాత జాలిగా ఒక్క క్షణం ఆగొచ్చు. ఆ క్షణం నేను భరించగలనా? ఎవరినైతే చూసి ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నానో, నా అత్తయ్య నన్ను అడిగిందో లేదో ఆ పిల్ల నోటితోనే వినాలా?

నంబరు తెర మీద ఉంది. నా బొటనవేలు దాని మీదే ఉంది. మీరైతే నొక్కుతారా?